‘బాగుంది’ అన్నవాళ్లు మళ్లీ ఎందుకు తెరవలేదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. ఏదో తయారుచేశారు, జనానికి ఇచ్చారు, వాళ్లు దాన్ని ఎలా వాడుతున్నారో అంతు చిక్కడం లేదు. కొత్తగా ఈ శీర్షిక చదివేవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. అనంతపురం జిల్లా పల్లెల్లో పన్నెండేళ్లు సర్వే ఫారాలు పట్టుకుని తిరిగాను. ఆ తర్వాత బెంగళూరులో ‘యూజర్ రీసెర్చ్’ అనే పేరుతో అదే పని, ఏసీలో కూర్చుని, ఇంకొంచెం ఎక్కువ జీతానికి చేశాను. ఇప్పుడు మళ్లీ అనంతపురంలోనే ఉంటున్నాను.

ప్రశ్న: చీనీ (బత్తాయి) రైతులకు రోజూ మార్కెట్ ధరలు చూపించే యాప్ చేశాం. నాలుగు వందల మంది దాకా ఫోన్లో వేసుకున్నారు. గూగుల్ ఫారమ్ పంపితే 38 మంది నింపారు. అందులో 35 మంది ‘చాలా బాగుంది’ అన్నారు. కానీ రెండో వారం నుంచి తెరిచేవాళ్లు పదిమంది కూడా లేరు. ఇంకా పెద్ద సర్వే చేయాలా, ఇంటర్వ్యూలు చేయాలా, ఫోకస్ గ్రూపు (పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించడం) పెట్టాలా? వీటిలో ఏది మంచి పద్ధతి?
— ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: చెట్టుకు పాది తీయాలో, కాయ కోయాలో తేల్చుకోకుండా ఏ పనిముట్టు మంచిదంటే నేనేం చెప్పను బాబూ? మీరు పద్ధతి అడిగారు గానీ, మీకు ఏం తెలియాలో రాయలేదు. ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అర్థమైంది ఇదీ: ‘వేసుకున్నవాళ్లు మళ్లీ ఎందుకు తెరవడం లేదు?’ ఇది ‘ఎందుకు’ ప్రశ్న. సర్వే ‘ఎంతమంది’ అనే ప్రశ్నకు జవాబిస్తుంది. 38 మందికి బదులు 380 మంది నింపినా మీకు అదే ‘బాగుంది’ పది రెట్లు వస్తుంది, అంతే.

ఇంకో సంగతి. ఆ 38 మంది ఎవరు? యాప్ వదిలేసినవాడు మీ ఫారమ్ ఎందుకు నింపుతాడు? నింపినవాళ్లు తీరిక ఉన్నవాళ్లో, మీ ముఖం తెలిసినవాళ్లో అయ్యుంటారు. మీకు కావలసిన మనిషి ఆ ఫారమ్ బయట ఉన్నాడు.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. ఫోన్‌తో మోటారు ఆన్ చేసే స్టార్టర్లు మీరూ చూసే ఉంటారు. అవి తయారుచేసే ఓ కంపెనీ (పేరెందుకు లెండి) మమ్మల్ని పిలిచింది. వాళ్లు అప్పటికే ఫోన్లో సర్వే చేశారు. ‘యాప్ వాడుతున్నారా?’ అని అడిగితే దాదాపు అందరూ ‘వాడుతున్నాం’ అన్నారట. దాంతో యాప్‌లో గ్రాఫులు, నెలవారీ లెక్కలు పెడదామని వాళ్ల ఆలోచన. ఏ గ్రాఫులు కావాలో కనుక్కోవడం నా పని.

నార్పల వైపు ఓ చీనీ తోటకు వెళ్లాను. త్రీఫేజ్ కరెంటు ఇంకా రాలేదు. షెడ్డు నీడలో కూర్చుని గంటసేపు ఇంటర్వ్యూ చేశాను. యాప్ ఎప్పుడు తెరుస్తారు, ఏం చూస్తారు, ఇంకేం ఉంటే బాగుంటుంది? పెద్దాయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ‘బాగుండాదమ్మా, పొద్దున్నే చూస్తాం, నీళ్లెంత పోయినాయో తెలిస్తే ఇంకా మేలు’ అన్నాడు. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాయి. నాకు మహా సంతోషం.

అంతలో కరెంటు వచ్చింది. పెద్దాయన జేబులోంచి ఫోన్ తీశాడు. కీప్యాడ్ ఫోన్! అందులో యాప్ ఎక్కడిది? నంబరు నొక్కి, ‘రేయ్, కరెంటొచ్చింది, వెయ్యి’ అన్నాడు. అవతల బెంగళూరులో ఆయన కొడుకు ఆఫీసుకు పోయే బస్సులో ఉన్నాడు. యాప్ వాడి ఫోన్లో ఉంది. వాడు నొక్కితే ఇక్కడ మోటారు తిరిగింది. పెద్దాయన తోటలోకి పోయి డ్రిప్ పైపులు చూసుకుంటూ వెళ్లాడు. ఓ వరుసలో ఉడతలు పైపు కొరికేసి నీళ్లు చిమ్ముతున్నాయి. మళ్లీ ఫోన్: ‘ఆపురా, ఆపు!’ అవతలివాడు ఎత్తలేదు. పరుగున షెడ్డుకొచ్చి చేత్తోనే స్టార్టర్ ఆపాడు.

నేను రాసుకున్న నాలుగు పేజీల్లో మూడు పేజీలు అక్కడే కొట్టేశాను. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ‘వాడుతున్నాం’ అన్నప్పుడు ఆయన లెక్కలో ఇల్లంతా ఉంది. ‘మీరు’ అని నేను అడిగింది ఆయన ఒక్కణ్ణే, జవాబు చెప్పింది కుటుంబం తరఫున. ఫోన్ సర్వేలో జరిగిందీ ఇదే. వాళ్లకు గ్రాఫులు అక్కర్లేదు. కీప్యాడ్ ఫోన్ నుంచి ఓ మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆగాలి, ఆ సంగతి కొడుక్కి తెలియాలి. ఈ మాట ఏ సర్వేలోనూ రాదు. ఎందుకంటే దాన్ని అడగాలని మాకు తెలియదు, చెప్పాలని వాళ్లకు తోచదు.

ఇలా పని జరిగేచోటే కూర్చుని చూడడాన్ని ‘కాంటెక్స్‌చువల్ ఎంక్వైరీ’ అంటారు. కారెన్ హోల్ట్జ్‌బ్లాట్, హ్యూ బేయర్ అనే ఇద్దరు దీన్ని ఒక పద్ధతిగా కుదిర్చి 1998లో పుస్తకం రాశారు. వాళ్లు చెప్పిన ఒక్క మాట నాకు బాగా పనికొచ్చింది: పరిశోధకుడు అక్కడ పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడిలా ఉండాలి. మేస్త్రీ దగ్గర చేరిన పిల్లాడు ‘మీరు ఇటుకలు ఎందుకు ఇలా పేరుస్తారో ఐదు మార్కులకు రేటింగ్ ఇవ్వండి’ అనడు కదా. పక్కన నిలబడి చూస్తాడు, అర్థం కానిచోట ‘ఇదెందుకు ఇట్లా?’ అంటాడు.

ఇక మీ యాప్ సంగతి. వదిలేయడానికి కారణం ఇదీ అని నేను చెప్పను, మీ రైతుల్ని నేను చూడలేదు కాబట్టి. కానీ ఎక్కడ వెతకాలో చెప్పగలను. ముందు మీ సర్వర్‌లో ఉన్న లెక్కలు తీయండి. ఎవరు ఏ రోజు, ఏ వేళకు తెరిచారు? కోత ఉన్న వారంలో తెరిచి తర్వాత మానేశారా? అలాగైతే అది యాప్ తప్పు కాకపోవచ్చు. కాయ లేని నెలలో ధర చూసి ఏం చేస్తారు?

తర్వాత ఏడెనిమిది మందిని కలవండి. వారం వాడి మానేసినవాళ్లు నలుగురు, ఒక్కసారే తెరిచినవాళ్లు ఇద్దరు, ఇంకా వాడుతున్నవాళ్లు ఇద్దరు. యాప్ గురించి అడగొద్దు. పోయినసారి కాయ అమ్మిన రోజు గురించి అడగండి. ముందు ఎవరికి ఫోన్ చేశారు, బేరం తోట దగ్గరే తెగిందా, లారీ మార్కెట్‌కు పోయిందా? టన్ను ధర ఎంత చెప్పారు, సూటు (తూకంలో తరుగు) కింద ఎంత తీశారు, చివరికి చేతికి ఎంతొచ్చింది? ఒకవేళ బేరం ముందురోజు రాత్రే ఫోన్లో తెగిపోతుంటే, మీరు తెల్లారి చూపించే ధర పోయిన బస్సుకు టికెట్ లాంటిది. చీనీ మార్కెట్‌లో ఓ పొద్దున నిలబడండి కూడా. ఊరికే నిలబడండి, ఎవరినీ ఏమీ అడక్కండి.

అవకాశం ఉంటే ఓ ఆరుగురితో రెండు వారాలు డైరీ స్టడీ పెట్టండి. డైరీ అంటే పుస్తకం ఇచ్చి రాయమనడం కాదు. ‘ధర తెలుసుకోవాలని అనిపించిన ప్రతిసారీ నాకు వాట్సాప్‌లో ఓ వాయిస్ మెసేజ్ పెట్టన్నా’ అంటే చాలు. ఎప్పుడు అవసరం పడింది, అప్పుడు ఎవరిని అడిగారు అనేది వాళ్ల గొంతులోనే వస్తుంది. మూడో రోజుకు మర్చిపోతారు, మీరు రోజూ గుర్తుచేయాలి. వాళ్ల టైముకు ఎంతో కొంత డబ్బు ఇవ్వండి.

ఇదంతా అయ్యాక ‘బేరం ముందురోజే తెగుతోంది’ అని తేలిందనుకోండి. అప్పుడు సర్వే చేయండి, నాలుగు వందల మందిలో ఎంతమందికి అలా జరుగుతోందో లెక్క తేల్చడానికి. మీరు తలకిందులుగా మొదలుపెట్టారు, అంతే.

ప్రశ్న: ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా విద్యార్థుల బస్‌పాస్‌కి యాప్ నమూనా చేశాం. ఐదుగురితో పరీక్షిస్తే చాలని నెట్‌లో చదివాం. మా గైడ్ మాత్రం వంద మంది లేకపోతే ఒప్పుకోనంటున్నారు. ఎవరిది నిజం?
— ఓ విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఇద్దరిదీ. మీ గైడ్‌తో గొడవ పెట్టుకోకమ్మా, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

ఆ ఐదుగురి లెక్క ఎక్కడిదో చెబుతాను. జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లో ఒక లెక్క కట్టారు. వాళ్లు చూసిన ప్రాజెక్టుల సగటు ప్రకారం, ఒక్క మనిషి వాడి చూపిస్తే ఉన్న ఇబ్బందుల్లో 31 శాతం బయటపడుతున్నాయి. రెండో మనిషి దగ్గర కొన్ని పాతవే మళ్లీ కనిపిస్తాయి, కొన్ని కొత్తవి. ఇలా ఐదుగురికి వచ్చేసరికి 85 శాతం దగ్గరికి చేరుతుంది. 2000లో నీల్సన్ దీన్ని ఓ వ్యాసంగా రాశాక ‘ఐదుగురు చాలు’ అన్నది సామెత అయి కూర్చుంది. ఆయన చెప్పిన మిగతా సగం ఎవరూ చదవరు: పదిహేను మంది దొరికితే ఒకేసారి పరీక్షించకుండా, ఐదుగురితో చేసి, తప్పులు దిద్ది, మళ్లీ ఐదుగురితో, మళ్లీ ఐదుగురితో చేయమన్నాడు.

ఆ 31 శాతం అన్నిచోట్లా రాదు. 2001లో జేర్డ్ స్పూల్, విల్ ష్రోడర్ అనే ఇంకో ఇద్దరు పరిశోధకులు కొన్ని అమ్మకాల వెబ్‌సైట్లను పరీక్షిస్తే మొదటి ఐదుగురితో 35 శాతం ఇబ్బందులే దొరికాయి. పని ఎంత గజిబిజిగా ఉంటే, వాడేవాళ్లు ఎంత రకరకాలుగా ఉంటే, అంత ఎక్కువమంది కావాలి.

నువ్వు రాయలేదు గానీ ఊహిస్తాను, ఆ ఐదుగురూ మీ హాస్టల్ వాళ్లే కదా? హాస్టల్లో ఐదుగురు అంటే నా లెక్కలో ఒక్కరే. అందరూ ఒకే క్లాసు, ఒకే రకం ఫోన్లు, పైగా మీ స్నేహితులు. కర్నూలు బస్టాండుకు పొద్దున ఏడున్నరకు వెళ్లి చూడు. కోడుమూరు వైపు నుంచి, వెల్దుర్తి వైపు నుంచి దిగే పిల్లలు పాస్ ఎక్కడ పెట్టుకుంటారు, కండక్టర్‌కి ఎలా చూపిస్తారు, ఫోన్ ఇంట్లో అన్న దగ్గర ఉండిపోతే ఏం చేస్తారు. వాళ్లలోంచి ఐదుగురిని తీసుకో, ‘పాస్ రెన్యువల్ చేసి చూపించు’ అని ఫోన్ చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చో. నోరు మూసుకోవడమే కష్టం, నాకు ఆరేళ్లు పట్టింది.

మరి వంద మంది ఎప్పుడు? ‘ఎంత శాతం మంది’ అని రాయాలనుకుంటే వంద కూడా తక్కువే. గుడ్డిగా లాటరీ తీసినట్టు ఎంచుకున్న దాదాపు 400 మంది ఉంటే మీ శాతం ఐదు అటూ ఇటూగా నమ్మొచ్చు. ఐదుగురిలో ముగ్గురు తడబడ్డారని రిపోర్టులో ‘60 శాతం మంది’ అని రాశావో, మీ గైడ్ కన్నా ముందు నేనే ఫెయిల్ చేస్తాను.

ప్రశ్న: మాది డయాగ్నస్టిక్ ల్యాబ్. రిపోర్టులు ఫోన్‌కి పంపడం మొదలుపెట్టాం. ఎలా ఉందంటే అందరూ ‘బాగుంది మేడమ్’ అంటారు. అయినా కాగితం రిపోర్టు కోసం మనుషులు వస్తూనే ఉన్నారు. మొహమాటం లేకుండా నిజం చెప్పించడం ఎలా?
— ఓ పాఠకురాలు, కడప

జవాబు: మన దగ్గర ఎదురుగా నిలబడినవాళ్లతో ‘మీది బాగాలేదు’ అని ఎవరంటారండీ? ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చినట్టే ‘బాగుంది’ కూడా ఇస్తాం. దీన్ని మన పక్కనే బెంగళూరులో లెక్కకట్టి చూశారు. నికోలా డెల్, ఆమె తోటి పరిశోధకులు 2012లో ప్రచురించిన పని అది, మొత్తం 450 ఇంటర్వ్యూలు. రెండు వస్తువులు చూపించి ఒకటి ‘నేను తయారుచేసింది’ అని అడిగేవాళ్లు చెప్పేవారు. రెండూ ఒకటే అయినా సరే, జనం అడిగేవాళ్ల వస్తువే బాగుందనే అవకాశం రెండున్నర రెట్లు. అడిగేది విదేశీ మనిషి, పక్కన దుబాసీ ఉంటే అది ఐదు రెట్లు! మీ ల్యాబులో, తెల్లకోటు వేసుకుని, మీరే అడిగితే ఎన్ని రెట్లో మీరే ఊహించుకోండి.

కాబట్టి మీరు అడక్కండి. ల్యాబుకు సంబంధం లేని మనిషిని, వీలైతే బయట, అడగమనండి. అభిప్రాయం అసలే వద్దు. ‘పోయినసారి రిపోర్టు వచ్చినప్పుడు ఏం చేశారు? మొదట్నుంచీ చెప్పండి’ అంటే చాలు. అభిప్రాయానికి మొహమాటం అడ్డొస్తుంది గానీ జరిగిన కథ చెప్పడానికి రాదు. ‘మా కోడలు తెరిచింది, డాక్టరు గారు ఫోన్లో చూడనన్నారు, జిరాక్స్ షాపుకు పోయి ప్రింటు తీయించాం’ అని కథ బయటికొచ్చిందనుకోండి, మీకు జవాబు దొరికినట్టే. అప్పుడు మీరు ఫోన్‌కి పంపే రిపోర్టుని వాడే చివరి మనిషి పేషెంటు కాదు, డాక్టరు.

ఇంకో మార్గం ఉంది. వాడేటప్పుడు మనసులో అనుకునేది పైకి చెప్పమనడం, ‘థింక్ అలౌడ్’ అంటారు. 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ దీన్ని కంప్యూటర్ పనుల్లోకి తెచ్చాడు. మన పెద్దవాళ్లు ఒంటరిగా కూర్చుని ఫోన్‌తో మాట్లాడటానికి సిగ్గుపడతారు. ఇద్దరిని కూర్చోబెట్టండి, అత్తాకోడళ్లనో, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లనో. ‘అది కాదత్తా, పైన నొక్కు’, ‘యాడే, కనపడదే’ అని వాళ్లే మాట్లాడుకుంటారు. మీరు వినడమే. జిరాక్స్ అన్నాం కాబట్టి గుర్తొచ్చింది. ఆ పేరున్న కంపెనీ పరిశోధన కేంద్రంలో లూసీ సచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త, కొత్త కాపీ మిషన్ ముందు మనుషుల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టి వీడియో తీసింది. కంప్యూటర్ రంగంలో తలపండిన శాస్త్రవేత్తలు కూడా కాగితానికి రెండువైపులా కాపీ తీయడానికి తంటాలు పడ్డారు. ఆ పని 1987లో పుస్తకంగా వచ్చింది. కాబట్టి మీ పేషెంట్లకు రిపోర్టు తెరవడం రాకపోతే ‘చదువు లేదు’ అని మాత్రం రాసుకోకండి.

నిజం పేషెంటు రిపోర్టు చూపించకండి. ఊరికే తయారుచేసిన పేరుతో నమూనా రిపోర్టు పెట్టి పరీక్షించండి. షుగర్ ఎంతుందో పక్కింటామె ముందు ఎవరు తెరుస్తారు?

ప్రశ్న: ఇంటికి సరుకులు చేర్చే చిన్న వ్యాపారం మాది. యాప్‌లో ఏ సరుకు ఏ వరుసలో పెట్టాలో మా ఇద్దరు భాగస్వాములకూ పడటం లేదు.
— నంద్యాల రోడ్డు, కర్నూలు

జవాబు: మీ ఇద్దరికీ పడకపోయినా ఏం కాదు, కొనేవాళ్లు మీరు కాదుగా. కార్డ్ సార్టింగ్ చేయండి. సరుకుల పేర్లు ఓ నలభై చీటీల మీద, ఒక్కో చీటీకి ఒక్కటి చొప్పున, తెలుగులో రాయండి. ఓ పదిహేను మంది ఆడవాళ్లకు (వంట చేసే మగవాళ్లు దొరికితే వాళ్లకూ) ఒక్కొక్కరికి విడిగా ఇచ్చి, ‘మీకు తోచినట్టు గుంపులు చేయండి, ప్రతి గుంపుకీ పేరు పెట్టండి’ అనండి.

నేను పందెం కడతాను, మొదటి గొడవ బొరుగుల దగ్గర వస్తుంది. యాప్‌లు చేసేవాళ్లు బొరుగుల్ని స్నాక్స్‌లో పెడతారు. మన ఇళ్లల్లో బొరుగులంటే పొద్దున ఉగ్గాణి. అంటే రవ్వ, అటుకుల పక్కన, టిఫిన్ సామాన్లలో. ఎవరు ఎక్కడ పెట్టారో కాగితం మీద గీతలు గీసి లెక్కపెడితే సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సగం మంది అక్కడా సగం మంది ఇక్కడా పెట్టిన సరుకుని రెండుచోట్లా చూపించండి. వాళ్లు పెట్టిన గుంపుల పేర్లు పారేయకండి. ‘పోపు సామాన్లు’ అని వాళ్లు రాస్తే మీరు ‘మసాలాలు – ఇతరములు’ అని దిద్దకండి.

ప్రశ్న: మా పట్టుచీరల వెబ్‌సైట్‌కి రోజుకు ముప్పై మంది వస్తారు. వందలో ఒకరు కొంటారు. కొనే బటన్ రంగు మారిస్తే అమ్మకాలు పెరుగుతాయేమో ఏ/బీ టెస్ట్ చేయమని ఒకరు సలహా ఇచ్చారు.
— ధర్మవరం

జవాబు: ఆ సలహాకు డబ్బు తీసుకోలేదు కదా? సగం మందికి ఒక రంగు, సగం మందికి ఇంకో రంగు చూపించి తేడా చూడడమే ఏ/బీ టెస్ట్. వందకు ఒకటి ఉన్న అమ్మకం 1.2 అయిందని నమ్మకంగా చెప్పాలంటే, మామూలుగా వాడే లెక్క ప్రకారం ఒక్కో వైపు 40 వేల మందికి పైనే కావాలి. రోజుకు ముప్పై మంది వస్తే ఏడేళ్లు దాటుతుంది. అప్పటికి చీరల ఫ్యాషనే మారిపోతుంది. చీర చూసి కొనకుండా వెళ్లినవాళ్లలో ఆరుగురికి ఫోన్ చేసి, ఆ చీర చూసిన సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో అడగండి. జరీ అసలుదో కాదో అనే అనుమానం రంగు మారిస్తే పోదు.

ప్రశ్న: పల్లెలో పదిమందిని కూర్చోబెట్టి ఫోకస్ గ్రూప్ చేయమంటున్నారు మా మేనేజర్. పనవుతుందా?
— ఆదోని

జవాబు: ఇది 1940లలో అమెరికాలో రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త రేడియో ప్రసారాల మీద శ్రోతల స్పందన తెలుసుకోవడానికి మొదలుపెట్టిన పద్ధతి. జనం ఏ మాటలు వాడతారో, దేని మీద వాదించుకుంటారో వినడానికి బాగుంటుంది. ఎలా వాడతారో తెలుసుకోవడానికి పనికిరాదు. రచ్చకట్ట మీద పెట్టారంటే పెద్దాయన ఒక్కడే మాట్లాడతాడు, మిగతా తొమ్మిదిమంది తలూపుతారు. ఆడవాళ్లను విడిగా, పాలకేంద్రం దగ్గర, మగవాళ్లు లేనప్పుడు కలవండి.

ప్రశ్న: ఇంటర్వ్యూలు రికార్డు చేసుకోవచ్చా? అనుమతి నోటిమాటగా తీసుకుంటే చాలదా?
— ప్రొద్దుటూరు

జవాబు: రికార్డు చేసుకోండి, కానీ చెప్పి చేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఏ సమాచారం తీసుకుంటున్నారో, ఎందుకో ముందే తెలియజేసి సమ్మతి తీసుకోవాలి. ఆ వివరం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలుండాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే అమ్మానాన్నల అనుమతి కావాలి. ఒప్పుకున్నవాళ్లు మధ్యలో వద్దన్నా ఆపేయాలి. నేనైతే కాగితం చదివి వినిపించి, ‘ఈ మాటలు ఎవరెవరు వింటారో తెలుసా?’ అని తిరిగి అడుగుతాను. తెలియదంటే మళ్లీ చెబుతాను. ఓసారి ఓ అవ్వ అంతా విని, ‘మా కోడలి గురించి చెప్పింది మాత్రం తీసేయ్’ అంది. ఆ నాలుగు నిమిషాలు అక్కడే, ఆమె ముందే తీసేశాను.